పాత కారు ఏసీ: చల్లదనం తగ్గడం వేరు, గాలి తగ్గడం వేరు

మార్చి దాటి ఎండలు ముదిరాయంటే ఏసీ మెకానిక్ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. వాటిలో పాత కార్లు తెచ్చినవాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: "ఏసీ సరిగ్గా రావట్లేదు, గ్యాస్ చూడండి." గ్యాస్ నింపించుకుని వెళ్తారు. రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత మళ్లీ అదే ఉక్కపోత. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తే ఇలాగే ఉంటుంది. చాలాసార్లు ఆ కార్లలో తగ్గింది గ్యాస్ కాదు, గాలి.

ఇరవై అయిదు, ముప్పై ఏళ్లు దాటిన కార్లలో ఈ తికమక మరీ ఎక్కువ. కొత్త కార్లలో లోపాన్ని స్కానర్ పట్టుకుంటుంది. అంబాసిడర్‌లోనో, కాంటెస్సాలోనో, తొలినాళ్ల మారుతి 800లోనో స్కానర్ పెట్టడానికి చోటే లేదు. ఊహ మీద పార్టులు మారుస్తూ పోతే బిల్లు పెరుగుతుంది, గాలి మాత్రం పెరగదు. ఆ ఏసీలో గాలి ఎలా పుడుతుందో, ఏ దారిన వస్తుందో తెలిస్తే లోపం ఎక్కడుందో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

గ్యాస్ చేసే పని, బ్లోయర్ చేసే పని

చల్లబరిచే పని గ్యాస్‌ది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి కండెన్సర్‌లోకి పంపుతుంది. రేడియేటర్ ముందుండే ఆ కండెన్సర్‌లో గ్యాస్ తన వేడిని బయటికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి చేరి ఆవిరవుతూ కాయిల్‌ను చల్లబరుస్తుంది. గ్యాస్ పని అంతటితో అయిపోయింది.

ఆ చలిని మన ముఖం దాకా తెచ్చేది బ్లోయర్. ఒక చిన్న డీసీ మోటార్, దాని షాఫ్ట్‌కు చుట్టూ సన్నటి రెక్కలున్న డ్రమ్ము ఆకారపు ఫ్యాన్. అది గాలిని లాగి కాయిల్ గుండా నెట్టి వెంట్లలోంచి బయటికి పంపుతుంది. బ్లోయర్‌కు గ్యాస్‌తో సంబంధం లేదు. గ్యాస్ మొత్తం ఖాళీ అయిపోయినా బ్లోయర్ నిక్షేపంగా తిరుగుతుంది. కాకపోతే వేడి గాలి వస్తుంది, అంతే.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఇది: వెంట్ దగ్గర గాలి బలంగా వస్తూ చల్లగా లేదా, లేక చల్లగానే ఉండి సన్నగా వస్తోందా? రెండో రకంలో ఒక తమాషా ఉంది. గాలి తక్కువగా వెళ్తున్నప్పుడు అది కాయిల్ దగ్గర ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, వెంట్ ముందు పెట్టిన థర్మామీటర్ మామూలుకన్నా తక్కువ డిగ్రీలు చూపించవచ్చు. కారు చల్లబడదు, థర్మామీటర్ మాత్రం ఏసీ అద్భుతంగా పనిచేస్తోందంటుంది. ఇలాంటి కారుకు గ్యాస్ నింపడం అనవసరం. పైగా అవసరానికి మించి నింపితే పీడనం పెరిగి చల్లదనం ఇంకా తగ్గుతుంది.

చరిత్రలో కూడా బ్లోయర్‌కు మొదటినుంచీ వేరే స్థానమే. 1939లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ ఏసీ కారు తెచ్చినప్పుడు కంప్రెసర్‌ను కావలసినప్పుడు కలిపి, వద్దన్నప్పుడు విడదీసే క్లచ్ ఉండేది కాదు. చలి వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. కారు లోపల కూర్చున్నవాళ్ల చేతిలో ఉన్నది బ్లోయర్ స్విచ్ ఒక్కటే.

మన దగ్గర పాత అంబాసిడర్లు, పద్మినిల్లో ఎక్కువగా కనిపించేది డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసిన ఏసీ పెట్టె. కాయిల్, బ్లోయర్ రెండూ ఆ పెట్టెలోనే ఉంటాయి, అది క్యాబిన్ గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మారుతి 800 ఏసీ మోడల్‌లో అయితే బ్లోయర్ ఎడమవైపు గ్లోవ్‌బాక్స్ వెనకాల, దాని పక్కన కూలింగ్ కాయిల్, ఆ తర్వాత హీటర్ వరుసగా ఉంటాయి. (ఆ 796 సీసీ ఇంజిన్‌తో లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ఏసీ ఆపాల్సి వచ్చేదన్నది ఆ కారు నడిపినవాళ్లందరికీ తెలిసిన ముచ్చట. అది బ్లోయర్ తప్పు కాదు, కంప్రెసర్ బరువు.)

దారిలో తప్పిపోయే వోల్టులు

బ్లోయర్ నీరసించడానికి ఎక్కువగా కారణమయ్యేది, తక్కువగా అనుమానించేది వైరింగ్. బ్యాటరీ నుంచి కరెంటు ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజ్, బ్లోయర్ స్విచ్, ఒకట్రెండు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) దాటి మోటార్‌కు చేరుతుంది. అక్కడినుంచి ఎర్తింగ్ వైరు ద్వారా బాడీకి వెళ్లి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొస్తుంది. ప్రతి మజిలీలోనూ లోహానికి లోహం తగిలే చోటు ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ల తేమ, దుమ్ము, వేడి కలిసి ఆ చోట్లలో నల్లటి, పచ్చటి పొర కడతాయి. ఆ పొర కరెంటును పూర్తిగా ఆపదు. కొంచెం కొంచెం తినేస్తుంది.

లెక్క చూద్దాం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నాయి. బ్లోయర్ హైలో పెట్టి మోటార్ టెర్మినల్స్ దగ్గర కొలిస్తే 10.4 మాత్రమే వచ్చింది. 3.4 వోల్టులు దారిలో పోయాయి. విడివిడిగా కొలిచినప్పుడు స్విచ్‌లో 1.3, ఫ్యూజ్ పట్టుకునే క్లిప్పుల్లో 0.6, కప్లర్‌లో 0.5, ఎర్త్ వైపు 1.0 పోతున్నట్టు తేలిందనుకుందాం. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే, కలిస్తేనే దెబ్బ. మోటార్ అప్పుడు 10 ఆంపియర్లు లాగుతుంటే, పోయిన 3.4 వోల్టులూ 34 వాట్ల వేడిగా మారి ఆ కాంటాక్టుల్లోనే కూర్చుంటాయి. ఒక్క స్విచ్‌లోనే 13 వాట్లు. పాత కార్లలో బ్లోయర్ స్విచ్ వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి వంకరపోయి కనిపించేది అందుకే.

మోటార్‌కు అందే వోల్టేజీ నాలుగో వంతు తగ్గితే ఫ్యాన్ వేగం కూడా సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, గాలి పరిమాణమూ అంతే. కానీ ఆ గాలిని నెట్టే ఒత్తిడి వేగానికి వర్గంగా తగ్గుతుంది: 0.75 ఇంటూ 0.75 అంటే 0.56. అంటే దాదాపు సగానికి పడిపోయింది. దుమ్ము పట్టిన కాయిల్‌ను దాటుకుని రావాలంటే కావలసింది ఆ ఒత్తిడే. అందుకే వోల్టేజీ పావు వంతే తగ్గినా వెంట్ ముందు చెయ్యి పెడితే సగం గాలి పోయినట్టు అనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక చిక్కులో పడతారు. కప్లర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు నిక్కచ్చిగా కనిపిస్తాయి. "కరెంటు బాగానే ఉంది, మోటార్ పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. మోటార్ తగిలించనప్పుడు ఆ దారిలో కరెంటు పారట్లేదు, పారనిదే వోల్టులు తగ్గవు. కప్లర్ పెట్టి ఉండగా, మోటార్ తిరుగుతుండగా, వెనకవైపు నుంచి ప్రోబ్ గుచ్చి చూసినప్పుడే అసలు అంకె బయటపడుతుంది.

ఫ్యూజ్ గురించి ఒక మాట. పాత యూరప్ కార్లలో, ఉదాహరణకు మెర్సిడెస్ డబ్ల్యూ123లో, రెండు కొనలూ మొనదేలిన సిరామిక్ ఫ్యూజ్‌లు ఉంటాయి. అవి క్లిప్పుల మధ్య ఒత్తిడి మీద మాత్రమే నిలబడతాయి. కొనల మీద తుప్పు పొర కడితే ఫ్యూజ్ పోకుండానే బ్లోయర్ నీరసిస్తుంది. వేలితో ఆ ఫ్యూజ్‌ను అక్కడే రెండు చుట్లు తిప్పగానే గాలి పెరిగిందంటే జబ్బు దొరికినట్టే. మన దగ్గర గాజు ఫ్యూజ్‌లున్న కార్లలో ఇంకో రకం అన్యాయం కనిపిస్తుంది: కాలిపోయిన ఫ్యూజ్‌కు సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టి పెట్టేయడం. బ్లోయర్ నడుస్తుంది. ఎక్కడైనా షార్ట్ అయితే మాత్రం ఫ్యూజ్‌కు బదులు వైరు కాలుతుంది.

హై ఒక్కటే పనిచేసి, మిగతా స్పీడ్‌లు పోతే

పాత కార్లలో బ్లోయర్ వేగాన్ని మార్చే పద్ధతి చాలా మొరటుది. తక్కువ స్పీడ్ కావాలంటే కరెంటు దారిలో ఒక నిరోధాన్ని అడ్డుపెడతారు. తీగచుట్టలున్న ఆ పార్టునే మెకానిక్‌లు బ్లోయర్ రెసిస్టర్ అంటారు. హైలో పెట్టినప్పుడు కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా మోటార్‌కు పోతుంది. అందుకే హై ఒక్కటే పనిచేసి మిగతావి చచ్చిపోతే మోటార్ బాగానే ఉందని, రెసిస్టర్ పోయిందని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. తిరగేసి, తక్కువ స్పీడ్‌లు పనిచేసి హై పోతే స్విచ్‌లోని హై కాంటాక్టునో, హై రిలేనో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) చూడాలి.

లో స్పీడ్‌లో రెసిస్టర్ విలువ 2 ఓమ్‌లు, పారే కరెంటు 4 ఆంపియర్లు అనుకుంటే, దాని మీద 8 వోల్టులు పోతాయి, 32 వాట్ల వేడి పుడుతుంది. ఈ వేడి తట్టుకోవడానికే దాన్ని బ్లోయర్ గాలి తగిలే చోట బిగిస్తారు. చాలా రెసిస్టర్లలో వేడి హద్దు మీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ కూడా ఉంటుంది. ఇక్కడే ఒక జబ్బు ఇంకో జబ్బును పుట్టిస్తుంది. మోటార్ షాఫ్ట్ తిరిగే బుష్ ఎండిపోయి బిగుసుకుంటే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. రెసిస్టర్ ఎక్కువ వేడెక్కుతుంది. అదే సమయంలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి దాన్ని చల్లబరిచే గాలి తగ్గుతుంది. థర్మల్ ఫ్యూజ్ తెగుతుంది. కొత్త రెసిస్టర్ వేస్తే నాలుగు నెలలకు అదీ పోతుంది. "డూప్లికేట్ పార్టు వేశాడు" అని షాపువాడిని తిట్టుకుంటాం. అసలు దోషి మోటార్.

చప్పుడు పెరిగి గాలి తగ్గితే ఏమిటి అర్థం

ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడేదిగా అనిపించే సంగతి ఇది, చాలామంది నమ్మకానికి పూర్తిగా వ్యతిరేకం కూడా. గాలి దారిలో అడ్డు పడితే మోటార్ కష్టపడి ఎక్కువ కరెంటు లాగుతుందని అనుకుంటాం. జరిగేది తారుమారు. ఈ రకం డ్రమ్ము ఫ్యాన్ మీద పడే భారం అది ఎంత గాలిని కదిలిస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. కదలడానికి గాలే లేకపోతే భారమే లేదు. ఫ్యాన్ వేగంగా తిరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, కూత సన్నగా పైకి లేస్తుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని అరచేత్తో మూస్తే మోటార్ గొంతు పెంచి అరుస్తుంది కదా, సరిగ్గా అదే.

కాబట్టి గాలి తక్కువగా ఉందన్న ఒకే లక్షణాన్ని శబ్దం, ఆంపియర్లు కలిసి మూడుగా చీలుస్తాయి. మోటార్ జోరుగా కూస్తూ, మామూలుకన్నా తక్కువ కరెంటు లాగుతూ, గాలి రాకపోతే దారి మూసుకుపోయింది. మోటార్ నీరసంగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగితే బుష్ పట్టేసింది, లేదా ఫ్యాన్ దేనికో రాసుకుంటోంది. నీరసంగా తిరుగుతూ కరెంటు కూడా తక్కువే ఉంటే వోల్టులు దారిలో పోతున్నాయి, లేకపోతే మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్‌లు అరిగిపోయాయి. కార్బన్‌లు అరిగాయనడానికి ఇంకో గుర్తు, గ్లోవ్‌బాక్స్ కింద గుద్దితే బ్లోయర్ ఒక్కసారి అందుకోవడం. పెద్ద గుంతలో పడగానే ఏసీ గాలి దానంతట అదే వచ్చే కార్లు ఈ బాపతే.

ఈ ఆంపియర్లు చూడటానికి, వైరు చుట్టూ పట్టించి కొలిచే క్లాంప్ మీటర్ కొనేటప్పుడు డీసీ (బ్యాటరీ కరెంటు) ఆంపియర్లు కొలిచేదే కావాలి. ఇళ్ల వైరింగ్ చేసేవాళ్ల దగ్గరుండే చవక రకాలు చాలావరకు ఇంటి కరెంటునే (ఆల్టర్నేటింగ్ కరెంటు) కొలుస్తాయి, కారు వైరుకు పట్టిస్తే సున్నా చూపిస్తాయి.

గాలి నడిచే దారిలో ఏమేం ఉంటాయి

బయటి గాలి తీసుకునే కార్లలో దారి విండ్‌షీల్డ్ కింద ఉండే జల్లెడ దగ్గర మొదలవుతుంది. కారు వేపచెట్టు కింద నిలిపేవాళ్లకు ఆ జల్లెడ వెనక ఏముంటుందో చెప్పనక్కర్లేదు. డ్యాష్ కింద వేలాడే పెట్టెల్లో గాలి తీసుకునే నోరు కాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడ మ్యాట్ ఎత్తుగా పడి ఉన్నా, సామాన్ల సంచి ఆనించినా గాలి సగమవుతుంది. తర్వాత ఫ్యాన్. రెక్కల లోపలివైపు దుమ్ము మెత్తగా పేరుకుంటే రెక్కల వంపు పూడిపోతుంది, ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలిని పట్టదు. నడిమి ప్లాస్టిక్ బొడ్డు పగిలితే షాఫ్ట్ ఒక్కటే తిరిగి ఫ్యాన్ జారిపోతుంది. షెడ్డులో నెలల తరబడి నిలిపిన కార్లలో ఎలుకలు ఫ్యాన్ గూటిలో సీటు స్పాంజితో ఇల్లు కట్టుకోవడం మామూలు సంగతే. "మోటార్ మార్చాలి" అనుకున్నది విప్పి చూస్తే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అక్షరాలా ఎలుకే దొరకవచ్చు.

ఆ తర్వాత కూలింగ్ కాయిల్. పాత కార్లకు క్యాబిన్ ఫిల్టర్ లేదు. లోపలికి వచ్చిన దుమ్ము, బట్టల నూగు, జుట్టు అన్నీ నేరుగా కాయిల్‌కు తగులుతాయి. ఏసీ నడిచినంతసేపూ కాయిల్ తడిగా ఉంటుంది కాబట్టి తగిలింది తగిలినట్టే అంటుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి ఫ్యాన్ వైపున్న ముఖం మీద కంబళి లాంటి పొర తయారవుతుంది. దాన్ని వేలితో ఒక మూల పట్టి లాగితే మొత్తం ముక్కగా ఊడివస్తుంది, వెనక అల్యూమినియం రేకులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. ఇలాంటి కాయిల్ ఉన్న కారుకు ముందే చెమ్మ వాసన మొదలై ఉంటుంది. నీరు బయటికిపోయే గొట్టం కూడా అదే బురదతో పూడితే ముందు సీటు కింద కార్పెట్ తడిసిపోతుంది.

కాయిల్ దాటాక గాలిని ముఖానికా, కాళ్లకా, అద్దానికా పంపాలో తేల్చే రెక్కతలుపులు ఉంటాయి. వాటి అంచుల్లో అతికించిన స్పాంజి పాతికేళ్లకు పొడి అవుతుంది. వెంట్లలోంచి నల్లటి స్పాంజి తునకలు ఒళ్లో పడుతున్నాయంటే ఆ తలుపులు ఇక గట్టిగా మూసుకోవట్లేదని అర్థం. ముఖానికి రావలసిన గాలిలో కొంత కాళ్లవైపు జారిపోతుంది. అమెరికా పాత కార్లలో ఈ తలుపులను నడిపేది ఇంజిన్ వాక్యూమ్. ఎక్కడైనా రబ్బరు గొట్టం చిట్లితే, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కగానే వాక్యూమ్ పడిపోయి ముఖానికి వచ్చే గాలి అద్దంవైపు మళ్లిపోతుంది. సమతలానికి రాగానే మళ్లీ ముఖానికి. ఈ లక్షణం చెబితే అక్కడ బ్లోయర్ జోలికి ఎవరూ పోరు. మన కార్లలో ఈ పని తీగ కేబుల్స్ చేస్తాయి, అవి క్లిప్పు నుంచి ఊడుతుంటాయి.

ఇంకొకటి చిన్నదే గానీ తరచుగా కనిపించేది. కొత్త మ్యూజిక్ సిస్టమ్ బిగించిన వారంలో మధ్య వెంట్ల గాలి తగ్గిందంటే, స్టీరియో వెనక డక్ట్ పైపు ఊడి ఉంటుంది. చల్లగాలి అంతా డ్యాష్‌బోర్డు లోపలే తిరుగుతూ ఉంటుంది.

మొదట బాగుండి, అరగంటకు గాలి చచ్చిపోతే

గాలి వేరు, గ్యాస్ వేరు అని ఇంతవరకు చెప్పుకున్నదానికి ఇదొక్కటే పెద్ద మినహాయింపు. కారు తీసినప్పుడు గాలి ఫుల్లుగా ఉంటుంది. హైవే మీద అరగంట, ముప్పావుగంట పోయాక క్రమంగా తగ్గి, చివరికి ఫ్యాన్ కూత తప్ప ఏమీ ఉండదు. టీకి ఆగి మళ్లీ బయల్దేరితే అంతా మామూలే. కారు కిందనుంచి మాత్రం నీళ్లు ధారగా పోతుంటాయి.

కాయిల్ మీద మంచు కట్టిందన్నమాట. కాయిల్ వేడి సున్నా డిగ్రీల కిందికి పోతే దాని మీద చేరిన తేమ గడ్డకట్టి రేకుల సందులు మూసేస్తుంది. మామూలుగా అక్కడిదాకా రాకముందే థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపాలి. థర్మోస్టాట్ పాడైనా, దాని సన్నటి తీగ కొస కాయిల్ రేకుల మధ్య నుంచి బయటికి వచ్చేసినా కంప్రెసర్ ఆగదు. కాయిల్ శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు ఆ తీగను లోపలికి గుచ్చడం మరిచిపోతే, బాగుచేయించిన కారుకే ఈ జబ్బు వస్తుంది. గ్యాస్ కొద్దిగా తగ్గినప్పుడు కూడా కాయిల్‌లో పీడనం పడిపోయి ఒక భాగం అతిగా చల్లబడి మంచు కట్టవచ్చు. ఆ సందర్భంలో గ్యాస్ నింపితే గాలి పెరుగుతుంది. "గ్యాస్ వేస్తే గాలి వచ్చింది" అన్న నమ్మకం బహుశా ఇలాంటి కార్లను చూసే పుట్టి ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడ వైపు ఈ మంచు త్వరగా కడుతుంది. పొడి ఎండలుండే చోట అదే లోపం చాలాకాలం బయటపడకపోవచ్చు.

సిగ్నల్ దగ్గర నీరసం, కొత్త మోటార్ వింత

కారు కదులుతుంటే బాగుండి సిగ్నల్ దగ్గర నీరసించే బ్లోయర్‌ది తిండి సమస్య, అంటే కరెంటు చాలకపోవడం. బ్లోయర్‌కు 12, కంప్రెసర్ క్లచ్‌కు 4, కండెన్సర్ ఫ్యాన్‌కు 8, రాత్రి హెడ్‌లైట్లకు 10, ఇగ్నిషన్‌కు 4 ఆంపియర్లు వేసుకుంటే మొత్తం 38. పాత బ్రిటిష్ వంశపు కార్లలో ఉండే లూకాస్ డైనమో (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) తన పూర్తి వేగంలో ఇచ్చేదే సుమారు 20 ఆంపియర్లు. ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అలాంటి కారుకు తర్వాత ఏసీ తగిలిస్తే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. డైనమో స్థానంలో తర్వాత వచ్చిన ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లో కూడా కొంత ఇస్తుంది, బెల్టు వదులు కాకుండా ఉంటే.

కొత్త మోటార్ వేశాక గాలి ఇంకా తగ్గడం మరో రకం. డ్రమ్ము ఫ్యాన్ రివర్స్‌లో తిరిగినా గాలిని వెనక్కి లాగదు. అదే దారిలో, అదే వెంట్లలోంచి పంపుతుంది, కాకపోతే సగం కూడా రాకపోవచ్చు. శాశ్వత అయస్కాంతాలున్న మోటార్‌కు రెండు వైర్లు తారుమారైతే జరిగేది ఇదే. పాజిటివ్ ఎర్త్ ఉన్న (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపిన) పాత కారును నెగెటివ్ ఎర్త్‌కు మార్చినప్పుడు కూడా ఇది తలెత్తుతుంది. శబ్దం ఉంది, గాలీ కొంత ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. విప్పి, రెక్కల వంపు ఏ వైపుందో, ఫ్యాన్ ఏ వైపు తిరుగుతోందో చూస్తేగానీ బయటపడదు.

ఒకే కారులో మూడు జబ్బులు కలిస్తే

ఇవన్నీ ఒక్కొక్కటిగా వస్తే ఇంత గందరగోళం ఉండేది కాదు. 1991 నాటి ఏసీ కాంటెస్సా ఒకటి ఊహించుకుందాం. అన్ని స్పీడ్‌లలో గాలి తక్కువ, రాత్రి ఇంకా తక్కువ, గంట ప్రయాణం చేస్తే అసలే లేదు. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, మోటార్ దగ్గర 11.2, కరెంటు 8 ఆంపియర్లు. ముందు స్విచ్ కాంటాక్టులు, ఎర్త్ బోల్టు శుభ్రం చేస్తే మోటార్ దగ్గర 13 వోల్టులు వచ్చాయి. కూత పెరిగింది, కరెంటు 9కి చేరింది, గాలి మాత్రం అనుకున్నంత పెరగలేదు. ఇక్కడితో ఆపితే "వైరింగ్ చేయించినా లాభం లేదు" అన్న పేరొస్తుంది. నిజానికి ఆ 9 ఆంపియర్లే తర్వాతి జబ్బు పేరు చెబుతున్నాయి: వోల్టులు నిండుగా ఉండి, కూత జోరుగా ఉండి, కరెంటు తక్కువంటే దారి మూసుకుంది. కాయిల్ మీది పొర తీశాక 12 ఆంపియర్లు లాగుతూ గాలి నిండుగా వచ్చింది. గంట తర్వాత మళ్లీ తగ్గితే మిగిలింది మంచు ఒక్కటే, అంటే థర్మోస్టాట్ తీగ. ఒక్కో జబ్బు తొలగుతుంటేనే దాని వెనక దాక్కున్నది కనిపిస్తుంది.

మెకానిక్‌లు, కారు యజమానులు ఏకీభవించని చోట్లు

మోటార్ బాగుచేయించాలా, కొత్తది వేయాలా అన్నది మొదటి వాదం. ఆటోనగర్‌లలో మోటార్ విప్పి కార్బన్‌లు, బుష్‌లు మార్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత మోటార్ రాగి చుట్టలు గట్టివని, కొలతలు సరిగ్గా సరిపోతాయని వాళ్ల మాట. కార్బన్‌లు రాసుకుంటూ ఉండే రాగి భాగం, కమ్యుటేటర్, గాళ్లు పడేలా అరిగితే కొత్త కార్బన్‌లు కూడా ఎంతోకాలం ఆగవన్నది అవతలివాళ్ల మాట. రెండూ నిజమే. తేడా కమ్యుటేటర్ ముఖం చూస్తేనే తెలుస్తుంది. బుష్‌లో నూనె చుక్క వేసి పంపేయడం మాత్రం తాత్కాలికం. నూనె ఎక్కువైతే కార్బన్ పొడితో కలిసి ముద్దయి కొత్త సమస్య తెస్తుంది.

రెండోది రిలే. బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజ్‌తో లావు వైరు వేసి, రిలే ద్వారా మోటార్‌కు ఇస్తే స్విచ్ మీద ఆంపియర్‌లో పావు వంతు కూడా పడదు. వోల్టులు మిగులుతాయి, స్విచ్ కాలదు. కారును తయారైనప్పుడు ఉన్నట్టే ఉంచాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. 50 ఏళ్లు దాటిన బళ్ల కోసం కేంద్రం 2021 జూలైలో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు మాట్లాడేది చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పుల గురించి, వైరింగ్‌లో ఒక రిలే గురించి కాదు. ప్రదర్శనల్లో మార్కులు వేసేవాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు. ఎండాకాలంలో రోజూ నడిపే కారైతే నేను రిలే వైపే మొగ్గుతాను.

కాయిల్‌ను దించకుండా స్ప్రే ఫోమ్‌తో కడగడమా, దించి కడగడమా అన్నది మూడోది. ఫోమ్ చవక, వాసన తగ్గిస్తుంది. కంబళిలా కట్టిన పొరను మాత్రం కదిలించలేదు, ఒక్కోసారి తడిపి ఇంకా లోపలికి నెడుతుంది. దించాలంటే గ్యాస్ తీయాలి, రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలి, వాక్యూమ్ పట్టాలి (పైపుల్లోని గాలిని లాగేయాలి). ముప్పై ఏళ్ల నట్లు విప్పేటప్పుడు అల్యూమినియం పైపు మెలిపడే ప్రమాదమూ ఉంది. కారులో ఇంకా పాత రకం గ్యాస్ ఆర్-12 ఉంటే మరో చిక్కు. ఓజోన్ పొరను కాపాడేందుకు కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశాల్లో కూడా 2010 నుంచి దాని తయారీ ఆగిపోయింది. తీస్తే దాని తర్వాత వచ్చిన గ్యాస్ ఆర్-134ఎకి, దానికి సరిపడే ఆయిల్‌కు మారాల్సి రావచ్చు. కొన్ని కార్లలో బ్లోయర్ గానీ రెసిస్టర్ గానీ తీస్తే ఆ రంధ్రంలోంచి కాయిల్ ముఖం కనిపిస్తుంది. గ్యాస్ తీయకుండా మెత్తటి బ్రష్‌తో పొరను లాగేయడానికి ఆ సందు చాలు.

పెద్ద మోటార్ వేయించుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. దారి శుభ్రంగా ఉండి, వోల్టులు నిండుగా అందుతుంటే పెద్ద మోటార్ గాలిని పెంచే మాట నిజం. కానీ 12 బదులు 18 ఆంపియర్లు లాగే మోటార్‌కు పాత ఫ్యూజ్, పాత స్విచ్, పాత రెసిస్టర్, పాత వైరు ఏదీ సరిపోదు. పోయే వోల్టులు ఇంకా పెరుగుతాయి. గాలి కాయిల్ మీంచి మరీ వేగంగా దూసుకుపోతే కాయిల్ మీది నీటి చుక్కలను కూడా ఎగరగొట్టి వెంట్లలోంచి తుంపరగా చిమ్మవచ్చు. వోల్టులు, ఆంపియర్లు కొలిచి పాత మోటార్ నిండుగా తిరుగుతోందని, కాయిల్ శుభ్రంగా ఉందని రుజువయ్యాక కూడా గాలి చాలకపోతే, అప్పుడు ఆ ఖర్చుకు అర్థముంది.